కాడి కింది నిబంధన
(శతవార్షికోత్సవ కూటముల సందర్భముగా విజయపురి సౌత్ సంఘములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవమంటే మనము మిషనరీలను, తొలి ఉపదేశకులను, గుడులను, బడులను, ఆసుపత్రులను జ్ఞాపకము చేసుకొంటాము. అది ధర్మమే. అయితే ఈ పనిలో పాలు పంచుకొని ఏ సంఘ రిజిస్టరులోను పేరెక్కని సేవకుడు ఒకడున్నాడు. వాడు పల్నాటి ఎద్దు. జె. సి. ఎఫ్. హయ్యరుగారు 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాల వచ్చి ఈ సీమలో పని మొదలుపెట్టారు. ఆనాటినుండి మోటారు వచ్చేవరకు పల్లెలలో తిరిగే సేవకునికి కాలినడక తరువాత ఎద్దుల బండే ఆధారము. గుడికి రాయి తెచ్చినది, సున్నము తెచ్చినది, పంట పండుగకు జొన్నల బస్తాలు తెచ్చినది కూడ బండే. కాబట్టి ఈ పూట ఎద్దుకు, దానిని తోలే మనిషికి మధ్య దేవుడు ఉంచిన బంధమును గూర్చి, ఆ బంధములో మన బాధ్యతను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాను.

ముందు ఆ బంధము ఎట్టిదో చూతము. ఇక్కడ కూర్చున్న రైతులకు నేను చెప్పవలసినది లేదు గాని, పిల్లలకు చెప్పాలి. మన ఒంగోలు జాతి ఎద్దు పేరు దేశాంతరములలో కూడ మారుమ్రోగినది. బ్రెజిలు దేశమునకు పోయిన మన పశువుల సంతతిని అక్కడ నెల్లూరు పేరుమీద నెలోర్ అని పిలుస్తారు. తెల్లని ఒళ్ళు, ఎత్తయిన మూపురము, వ్రేలాడే గంగడోలు చూచి పరదేశులు ముచ్చటపడ్డారు. ఆ జాతిని కాపాడటానికి మన గుంటూరు దగ్గర లాంలో పరిశోధనా స్థానము ఉన్నది. కాని రూపము వేరు, బంధము వేరు. బంధము కాడి మప్పేటప్పుడు మొదలవుతుంది. కోడెను ఒక్కసారిగా నాగలికి కట్టరు. పని తెలిసిన ముసలి ఎద్దు పక్కన కడతారు. చిన్నది పెద్దదాని అడుగు చూచి అడుగు వేయటం నేర్చుకొంటుంది. తరువాత జత కుదురుస్తారు. దాపటి ఎద్దు దాపటే, వలపటి ఎద్దు వలపటే. అటుది ఇటు కడితే రెండూ తికమకపడతాయి. జతలో ఒకటి చనిపోతే రెండవది మేత ముట్టక నిలబడిన ఇండ్లు మీలో ఎందరో చూచి ఉంటారు. రాత్రివేళ సంతనుండి వచ్చే బండిలో మనిషి నిద్రపోయినా, ఎడ్లు దారి తప్పక ఇంటి ముందు ఆగుతాయి. ఇది కేవలము అలవాటని కొందరంటారు. నేను నమ్మిక అంటాను.

మన తండాల సహోదరుల పూర్వులు లంబాడీలు. రైళ్ళు రాకముందు వారు వేలాది ఎడ్ల మీద ఉప్పు, ధాన్యము వేసుకొని సముద్రతీరమునుండి దక్కను పీఠభూమి దాకా నడిచారు. దారిలో ముందు నడిచే ఎద్దును గంటలతో, గవ్వలతో అలంకరించేవారు. మంద అంతా దాని వెంట నడిచేది, మనుష్యులు కూడ దాని వెంటనే నడిచేవారు. దారి ఎరిగిన పశువుకు మనిషి ఇచ్చిన గౌరవమది.

ఇక్కడ ఒక మాట ఆలోచించండి. పశువు తన యజమానిని ఎరుగును, నా జనులు నన్నెరుగరని దేవుడు యెషయా మొదటి అధ్యాయములో వాపోయినాడు. మనము చాలసార్లు బోధించే వాక్యమిది. అయితే మన పల్లెలలో ఎద్దు ఎవరిని ఎరిగినది? పట్టా పుస్తకములో పేరున్న ఆసామినా? చాల ఇండ్లలో అది ఎరిగినది పాలేరును. తెల్లవారుజామున లేచి కుడితి కలిపినది, జొన్నచొప్ప నరికినది, చెరువులో ఒళ్ళు తోమినది, వర్షపు రాత్రి కొట్టములో దాని పక్కన గోనె పరచుకొని పండుకొన్నది పాలేరు. మన సంఘములలో అనేకుల తాతలు, తండ్రులు ఆ పాలేర్లే. ఏడాదికింత గింజలకు జీతమున్నవారు, తండ్రి చేసిన అప్పుకు కొడుకు పనికి నిలిచినవారు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చేదాకా ఆ కట్టు చట్టప్రకారము కూడ తెగలేదు. ఎద్దూ, పాలేరూ ఒకే కాడి కింద మెడ పెట్టినవారు. అందుచేత ఎద్దు సంగతి మనకు పరాయి సంగతి కాదు. బలమిచ్చినవానికి ఏమి రావాలి అనే ప్రశ్న మన సొంత ఇంటి ప్రశ్న.

మనకు ఎద్దు ఎట్లో, ఉత్తరపు మంచు దేశములలో కుక్క అట్లు. అక్కడ చక్రము తిరగదు. చక్రములు లేని జారుడు బండికి పది పన్నెండు కుక్కలను వరుసగా కట్టి మంచు మీద తోలుతారు. కళ్ళెము లేదు, పగ్గము లేదు. వెనుక నిలబడిన మనిషి నోటి మాట ఒక్కటే. ముందు కట్టిన కుక్క ఆ మాట విని కుడికో ఎడమకో తిరుగుతుంది. మన దాపట వలపటల వంటిదే ఆ విద్య.

1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అనే ఊరిలో పిల్లలకు కంఠసర్పి వ్యాధి తగిలింది. ఊరిలో మంచి మందు లేదు. ఓడలు గడ్డకట్టిన సముద్రములో నడవవు, ఆ చలిలో విమానము ఎగురలేదు. రైలు చేరగల చివరి తావు నెనానానుండి నోముకు 674 మైళ్ళు. ఇరువది మంది తోలరులు, సుమారు నూటయాభై కుక్కలు ఒకరి చేతినుండి ఒకరు అందుకొంటూ అయిదున్నర రోజులలో ఆ మందు చేర్చారు. ఆ తోలరులలో అనేకులు అక్కడి ఆదివాసులు. అందరికంటె ఎక్కువ దూరము, అన్నిటికంటె ప్రమాదమైన మంచు దారి తోలినవాడు సెప్పాలా. అతని ముందు కుక్క టోగోకు అప్పటికి పన్నెండేండ్లు. చివరి భాగము తోలినవాడు గన్నర్ కాసెన్. మంచు తుపానులో తన బండికి కట్టిన కుక్కలు కూడ అతనికి కనబడలేదు. ముందున్న బాల్టో అనే కుక్కను నమ్మి దారి దానికే విడిచిపెట్టాడు. ఫిబ్రవరి 2న మందు ఊరు చేరినది, పిల్లలు బ్రతికారు.

ఇది విని మనము సంతోషిస్తాము. కథ ఇంతటితో అయిపోతే బాగుండును. అయిపోలేదు. మిగిలినది తరువాత చెబుతాను.

ప్రియులారా, కాడి కట్టినవాడు కట్టబడినదానికి మూడు ఋణములు పడతాడని వేదము మనకు నేర్పుచున్నది.

మొదటిది మేత. ద్వితీయోపదేశకాండము ఇరువది అయిదవ అధ్యాయములో, కళ్ళము త్రొక్కే ఎద్దు మూతికి చిక్కము పెట్టరాదను ఆజ్ఞ ఉన్నది. పైరులో గుంటక తోలేటప్పుడు మనము చిక్కము కడతాము. మొక్క పాడుకాకూడదు గదా. అది తప్పు కాదు. కాని కళ్ళములో కంకులు త్రొక్కి గింజ రాల్చుచున్న ఎద్దు, తన కాళ్ళ కిందనే ఉన్న గింజ ముట్టరాదంటే అది క్రూరత్వము. పౌలు కొరింథీయులకు వ్రాస్తూ ఈ చిన్న ఆజ్ఞనే పట్టుకొని పనివాని హక్కును స్థాపించినాడు. చూడండి, ఎద్దు దగ్గర మొదలైన న్యాయము మనిషి దాకా వచ్చినది. ఎద్దు దగ్గర అన్యాయము మొదలైతే అది కూడ మనిషి దాకా వస్తుంది. కూలి కోసి ఇచ్చేవాడు మేత కోయటంతోనే ఆరంభిస్తాడు.

సాగరు రాకముందు మన పల్నాడు మెట్టసీమ. శ్రీనాథ మహాకవి వచ్చి ఇక్కడి జొన్నకూటిని ఎగతాళి చేసి పోయినాడని చెప్పుకొంటారు. ఆ జొన్నలో ఒక ధర్మమున్నది. కంకి మనిషికి, చొప్ప ఎద్దుకు. ఒకే మొక్క ఇద్దరినీ పోషించినది. 1955 డిసెంబరు 10న ఇక్కడ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదిలారు. మన కుడి కాలువ వెంట వరి వచ్చినది, గడ్డి వచ్చినది, వెనుకనే ట్రాక్టరు వచ్చినది. దేవునికి స్తోత్రము, ఆకలి తగ్గినది. కాని యంత్రముతో కోసిన పొలములో గడ్డిని తగులబెట్టే రోజులు కూడ వచ్చినవి. పక్క వీధిలో మేత లేక ఎముకలు తేలిన గొడ్డు ఉండగా, పొలములో గడ్డి కాల్చేవానిని మొదటి ఋణము విషయమై దేవుడు అడుగడా?

రెండవది విశ్రాంతి. విశ్రాంతి దినపు ఆజ్ఞను మనము కంఠస్థము చేసినాము. అందులో ఎద్దు, గాడిద కూడ లెక్కకు వచ్చినవని ఎందరము గమనించినాము? నీవు గుడికి వచ్చి పాటలు పాడుచుండగా నీ ఎడ్లు బాడుగ బండికి కట్టబడి ఉంటే, నీవు ఆ ఆజ్ఞను సగమే ఆచరించినట్లు. ప్రభువైన యేసు కూడ విశ్రాంతి దినమున పశువును విప్పి నీళ్ళకు తోలుకొనిపోవు రైతును ఉదాహరణగా తీసికొన్నాడు. ఆ పని ఆయన తప్పు పట్టలేదు. దానినే ఆధారము చేసికొని, పదునెనిమిదేండ్లు నడుము వంగియున్న స్త్రీని విడిపించుట న్యాయమని వాదించినాడు.

లోకపు చట్టము కూడ ఈ విషయములో నోరు విప్పినది. బండి లాగే పశువులను గూర్చి 1965లో భారత ప్రభుత్వము నియమములు చేసినది. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. అయిదు గంటలకు మించి ఎడతెగక తోలరాదు. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నము పన్నెండు మొదలు మూడు వరకు కట్టరాదు. మేకులున్న ముల్లుకర్ర వాడరాదు. మన రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా వార్తలలో వింటుంది. ఆ ఎండలో 37 డిగ్రీలంటే మనకు చల్లని రోజు! ఈ నియమము ప్రకారమే నడిస్తే పల్నాటి వేసవి మధ్యాహ్నములలో ఒక్క ఎద్దు కూడ కాడి కింద ఉండరాదు.

ఇక్కడ బండలాగుడు పందెముల మాట రాకపోతే మీరు నన్ను విడువరు. సంక్రాంతికి, శివరాత్రికి, తిరునాళ్ళకు, కొన్ని చోట్ల చర్చి పండుగలకు కూడ మన సీమలో ఈ పోటీలు పెడతారు. పండ్లను బట్టి జతలను విభాగించి, తగిన బరువు బండకు కట్టి, ఇచ్చిన నిమిషములలో ఎన్ని అడుగులు లాగినవో కొలుస్తారు. ఆ ఎడ్ల పోషణ చూచితే కొందరు పిల్లలకు కూడ అంత భాగ్యము లేదు. ఉలవలు, పత్తి గింజలు, రోజూ స్నానము, దోమతెర. ఒంగోలు జాతి ఇంకా ఊళ్ళలో నిలిచి ఉన్నదంటే ఈ పందెపు రైతుల అభిమానము అందుకు ఒక కారణము. అది నేను కాదనను. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల బండ్ల పందెములను నిషేధిస్తూ తీర్పు చెప్పినది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు చేసుకొన్న చట్ట సవరణలు చెల్లుతాయని 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము చెప్పినది. చట్టపు వాదన న్యాయవాదులకు విడిచిపెడదాము. విశ్వాసికి వేరొక పరీక్ష ఉన్నది. ఆ బండ కదిలినది నీ గొంతు వినియా, చెర్నాకోల దెబ్బ తినియా? గొంతు విని కదిలితే అది బంధము. మోకాళ్ళ మీద కూలినదానిని కొట్టి లేపితే ఆ బహుమానము ఇంటికి తెచ్చుకొని దేవుని స్తోత్రించుటకు నోరెట్లా వస్తుంది? దమస్కు మార్గములో ప్రభువు సౌలుతో మునికోలల మాట ఎత్తినాడు. కాని కొట్టి లొంగదీయలేదు, పేరు పెట్టి రెండుసార్లు పిలిచినాడు.

మూడవది ముసలితనము. ఇది అన్నిటికంటె బరువైన ఋణము. ఇప్పుడు ఆ కుక్కల కథ ముగిస్తాను.

బాల్టోకు గొప్ప పేరు వచ్చినది. అదే 1925 డిసెంబరులో న్యూయార్కు తోటలో దాని కంచు విగ్రహము నిలిపారు. అయితే విగ్రహమునకు పూలు పడుచుండగా, ప్రాణమున్న బాల్టోను, తోటి ఆరు కుక్కలను చేతులు మార్చి అమ్మినారు. చివరకు లాస్ ఏంజలెస్ నగరములో చవకబారు వినోదశాలలో గొలుసులతో కట్టి, డబ్బులు తీసికొని చూపించేవారు. జార్జి కింబల్ అనే వర్తకుడు అక్కడ వాటి దుస్థితి చూచి, తన ఊరైన క్లీవ్‌లాండుకు కబురు చేసినాడు. రెండు వేల డాలర్లు కావలసి వచ్చినది. ఊరంతా చందాలు పోగుచేసినది. బడిపిల్లలు తమ చిల్లర నాణెములు తెచ్చి ఇచ్చినారు. 1927లో ఆ ఏడు కుక్కలు ఆ ఊరు చేరి ప్రశాంతముగా బ్రతికినవి. బాల్టో 1933లో కన్ను మూసినది. సెప్పాలా మాత్రము తన టోగోను మెయిన్ రాష్ట్రములో ఒక మంచి ఇంట విశ్రాంతికి ఉంచినాడు. అది 1929లో పోయినది.

మరొక రకపు లెక్క కూడ చరిత్రలో ఉన్నది. 1911లో దక్షిణ ధ్రువము మొదట చేరిన అముండ్సెన్ 52 కుక్కలతో బయలుదేరినాడు. దారిలో ఎన్నిటిని చంపి మిగిలిన కుక్కలకు, మనుష్యులకు ఆహారము చేయాలో ముందే లెక్క వేసుకొన్నాడు. తిరిగి వచ్చినవి 11. లెక్క తప్పలేదు, విజయము వచ్చినది. కాని నమ్మి లాగిన ప్రాణిని బరువు తగ్గగానే సరుకుగా లెక్కించిన ఆ లెక్క, మన ఊళ్ళలో ప్రతి సంత రోజున జరుగుతూనే ఉన్నది. పదేండ్లు దున్నిన ఎద్దును చీకటిలో విప్పి, పిల్లలు లేవకముందే కబేళా బేరగానికి అప్పగిస్తాము. ఎందుకు చీకటిలో? మనస్సాక్షికి తెలుసు గనుక.

నేను పేదవాని ఇబ్బంది ఎరుగనివాడను కాను. అర ఎకరము కౌలు చేసేవాడు పని చేయని ఎద్దును ఎంతకాలము మేపగలడు? పిల్ల పెండ్లికి, ఆసుపత్రి ఖర్చుకు, వాని చేతిలో ఉన్న సొమ్ము అదొక్కటే. వానిని నిందించుట సులువు, నేను నిందించను. క్లీవ్‌లాండులో కూడ ఒక్క మనిషి ఆ కుక్కలను కొనలేకపోయినాడు, ఊరు పూనుకొన్నది. ఒక్కడు మోయలేని ఋణము సంఘము మోయవచ్చును. అందుకే పెద్దల ముందు మూడు మనవులు ఉంచుచున్నాను. పంట పండుగలో మనము ధాన్యము, కూరగాయలు, కోళ్ళు తెస్తాము గదా. ఈ ఏటినుండి గడ్డిమోపులు కూడ తెచ్చి, ముసలి గొడ్డు ఉన్న పేద ఇంటికి పంచండి. ప్రతి గుడి ఆవరణ బయట వేసవిలో పశువులకు నీళ్ళ తొట్టి ఒకటి కట్టించండి. పశువుల డాక్టరుగారిని సంవత్సరమునకు రెండు మార్లు సంఘమునకు ఆహ్వానించండి. ఇవి పెద్ద ఖర్చులు కావు.

మరొక మాట. మన పొరుగువారు కనుమనాడు పశువులకు పసుపు పూసి, దండలు వేసి మ్రొక్కుతారు. మన పితరులు ప్రభువును నమ్ముకొన్నప్పుడు ఆ మ్రొక్కు మానినారు. సృష్టికి మ్రొక్కక సృష్టికర్తకే మ్రొక్కుట సరియైన పని. కాని మ్రొక్కు మానినవారము కృతజ్ఞతను కూడ మానవలెనా? ఏడాదికి ఒక దినమైనా ఎద్దు ముందు నిలబడి, దీని బలము వలన నా ఇంట అన్నమున్నదని దేవునికి చెప్పుకొనుటలో విగ్రహారాధన ఏమున్నది? నీనెవె పట్టణమును ఎందుకు కనికరించెనో యోనాకు చెబుతూ దేవుడు ఆఖరున పశువులను కూడ లెక్కపెట్టినాడు. ఆ గ్రంథము ఆ పశువుల మాటతోనే ముగిసినది.

చివరిగా మన రక్షకుని చూతము. ప్రయాసపడువారిని ఆయన పిలిచినప్పుడు సింహాసనము చూపలేదు, కాడి చూపినాడు. రెండవ శతాబ్దపు హతసాక్షి జస్టిన్, యేసు నాగళ్ళు, కాడిమాన్లు చేసిన వడ్రంగి అని వ్రాసి ఉంచినాడు. మంచి వడ్రంగి ఎద్దు మెడ చూచి కాడి చెక్కుతాడు. సరిపడని కాడి మెడను పుండు చేస్తుంది. ఆయన తన కాడిని వర్ణించిన గ్రీకు మాటకు మంచిది, అనువైనది అను భావములు ఉన్నవి. అనగా అది నీ మెడ కొలతకు చెక్కినది. పని లేని కాడి కాదు, పుండు చేయని కాడి. అంతేకాదు, మొదట చెప్పినట్టు కొత్త కోడెను పని తెలిసినదాని పక్కన కడతారు. నీ పక్కన ఆయనే ఉన్నాడు. నా దగ్గర నేర్చుకొనుడని ఆయన చెప్పుటలో అర్థమదే.

అట్టి యజమానుని కాడి మోయువారము మన కాడి కింద ఉన్నవారిని ఎట్లా చూడవలెనో వేరుగా చెప్పనక్కరలేదు. కొట్టములోని ఎద్దును, పొలములోని కూలివానిని, బలము ఉడిగి వసారాలో కూర్చున్న తల్లిదండ్రులను ఈ సాయంత్రమే వెళ్ళి చూడండి. వారి మెడ మీద మనము పెట్టిన కాడి ఎట్లున్నదో తడిమి చూడండి. వంద సంవత్సరములు మనలను విడువక పోషించిన దేవుడు, మన చేతి కింద ఉన్నవారిని మనము విడువకుండునట్లు కృప దయచేయును గాక. ఆమెన్.